నీళ్ళు తీయని గీత

పెళ్ళయిన పదహారో రోజున తరళ మళ్ళీ ఉద్యోగంలో చేరింది. చేతులనిండా గాజులు, మెళ్ళో ఇంకా రంగు వదులుతున్న పసుపుతాడు, ఆటోలో తన పక్కన పెద్దముత్తయిదువలా కూర్చున్న సారె బుట్ట. ఆ ఉదయం ఆమెకి ప్రపంచంలో ముద్దు రాని వస్తువంటూ లేదు. ఒకే గ్లాసులో ఒకదాని మీద ఒకటి వాలిన రెండు టూత్‌బ్రష్‌లు, మురారి ఒక గుండీ తప్పించి పెట్టుకున్న చొక్కా, గుమ్మంలో తన చెప్పుల మీదకి ఎక్కేసిన అతని బూట్లు, ఆఖరికి తను మాడగొట్టిన ఉప్మా గిన్నె కూడా.

ప్రయోగశాలని విశాఖలో కొండరాతిని తొలిచి కట్టారు. తరళ లోపలికి వెళ్ళి బుట్టని చేతికందిన బల్ల మీద పెట్టింది. ఎదురుగా తెర మీద అంకె ఉలిక్కిపడింది.

"అక్కడెట్టకమ్మా," అంటూ అప్పలనాయుడు గారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసి తెరలోకి చూశారు. ఆ యంత్రాన్ని కనిపెట్టింది ఆయనే. "పద్నాలుగు కిలోలు. మీ అమ్మ పదిహేను కిలోల సారెట్టిందని ఫోన్లో చెప్పినావు. మిగతా కిలో ఏటైపోయింది?"

"మా ఆయన తినేశారు సర్. నేను చూడనప్పుడు."

"అయితే పనివాడే."

అందరూ నవ్వారు. తరళ అందరికంటే ఎక్కువ నవ్వింది. మా ఆయన అన్న మాటని ఇంకో నాలుగుసార్లు వాడుకునే సందు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తోంది.

యంత్రం పేరు తూనిక. గాలంతా తోడేసిన నిలువు గొట్టంలో అణువుల గుంపునొకదాన్ని చుక్కంత చేసి, చల్లబరిచి, పైకి విసిరి, అది ఎంత వేగంగా కిందికి పడుతుందో చూస్తుంది. కింద బరువు ఎక్కువ ఉంటే నేల కొంచెం గట్టిగా లాగుతుంది, తక్కువైతే వదులుతుంది. ఆ తేడా మినపసున్నుండల బుట్టనీ పట్టేస్తుంది, తాళం తీయకుండానే నేలమాళిగలో బంగారాన్నీ తూచేస్తుంది.

బంగారాన్ని తూచడమే దాని పని. హిందూ మహాసముద్రంలో తొరువా, కెలాన్ అని రెండు చిన్న ద్వీపదేశాలున్నాయి. ఒకప్పుడు కెలాన్ దగ్గర నలభై టన్నులు, తొరువా దగ్గర తొమ్మిది. బయటి దేశాలనుంచి నూనె, మందులు, పాలపొడి కొనాలంటే ఆ నిల్వే దిక్కు. విదేశీ డబ్బు ఎప్పుడెవరు స్తంభింపజేస్తారోనన్న భయంతో రెండూ తమ నిల్వని బంగారంగా మార్చి దాచుకున్నాయి. పదేళ్ళలో తొరువా పొదుపు చేసి ముప్పై ఒకటికి ఎక్కింది, కెలాన్ ఖర్చు పెట్టి ముప్పై నాలుగుకి దిగింది. ఇప్పుడు రెండూ ఒకే నాణెం పెట్టుకుందామనుకుంటున్నాయి. కానీ ఒకరి లెక్కలంటే ఒకరికి నమ్మకం లేదు. అందుకని రెండు బ్యాంకుల నేలమాళిగల పైగదుల్లోనూ ఒక్కో తూనిక పెట్టించి, ప్రతినెలా ఒకటో తేదీన రెండు గీతలూ ఒకే కాగితం మీద ప్రకటించే బాధ్యత విశాఖకి అప్పజెప్పాయి.

ఇందులో చిక్కల్లా నీళ్ళు. నేలలో ఊరిన నీటికీ బరువుంటుంది. వానలు పడి ఊట పెరిగితే బంగారం పెరిగినట్టు కనబడుతుంది, ఎండలకి దిగిపోతే తరిగినట్టు. ఆ నీటి బరువుని తీసేస్తేగాని అసలు గీత రాదు. ఆ పని తరళది. నాయుడు గారు అందుకే ఆమెని "మా హంస" అంటారు. నీళ్ళు తీయకముందు వచ్చే కాగితం మీద, ఎవరు అచ్చుతీసినా సరే, అడుగున తమ చేత్తో తెలుగులో "నీళ్ళు తీయలేదు" అని రాసి పొడి అక్షరం పెట్టాలి. అది ఆయన పెట్టిన ఆచారం. కంప్యూటరులో రాస్తే ఎవరూ చదవరని, చేతిరాతకి మనిషి భయపడతాడని ఆయన నమ్మకం.

తొరువాలో నీటిమట్టం కొలిచేది ఆదెమ్మ. ఎప్పుడో చెరుకుతోటల పనికి ఓడెక్కి వెళ్ళిన శ్రీకాకుళం మనిషికి మనవరాలు, అరవై ఏళ్ళది, బ్యాంకు ఆవరణ ఊడుస్తుంది. నూతిలో పెట్టిన పరికరాలు మూడూ ఉప్పుగాలికి తుప్పు పట్టాక నాయుడు గారు ఆమె తాడునే నమ్ముకున్నారు. అర మీటరుకొక ముడి. సోమవారం సోమవారం తాడు వదిలి, ఎన్ని ముడుల కింద నీరుందో ఫోను చేసి చెబుతుంది. ఒక ముడి దిగితే నాలుగు టన్నుల బంగారం పోయినట్టు చూపిస్తుంది తూనిక.

"ఏటమ్మీ, పెళ్ళికూతురా, ఒచ్చీసినావా?" ఆదెమ్మ ఆ సోమవారం ఫోనులో అంది. "పన్నెండు ముడులు రాసుకో."

"పన్నెండా? నేను వెళ్ళేటప్పుడు తొమ్మిది కదమ్మా."

"పక్కన ఐసు కార్కానా పెట్టీనారు. ఐదు బోర్లు. రాత్రనక పగలనక తోడీస్తన్నారు. నూతికి ఏడుపొకటే తక్కువ. అది సరేగాని, మీ ఆయన నల్లగుంటాడా ఎర్రగుంటాడా?"

"చామనఛాయ."

"మా ముసిలోడూ అంతే. నేను సూది పొడిస్తేగాని కాఫీ తాగడు. సుగరు మనిషి, నలభయ్యేళ్ళనుండి నా చేతిమీదే బతుకుతున్నాడు. మొగుణ్ణి అలాగ అలవాటు సెయ్యాలమ్మీ."

మూడు ముడులంటే పన్నెండు టన్నులు. తెర మీద తొరువా గీత కొండ అంచునుంచి రాయి జారినట్టు ముప్పై ఒకటినుంచి పంతొమ్మిదికి పడిపోయి ఉంది. తరళకి భయం వేయలేదు, నవ్వొచ్చింది. అంతా ఐసు కార్కానా మహిమ. నీళ్ళు తీసేస్తే గీత మళ్ళీ కెలాన్ గీత పక్కన బుద్ధిగా కూర్చుంటుంది.

అచ్చుతీసిన కాగితాన్ని మడిచి ఆ సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళకూడదని ఆమెకి తెలుసు. కానీ కొత్త పెళ్ళాం మొగుడికి చూపించాలనుకున్నది ఏదైనా ఉందంటే అది తను చేసే పని. మురారి బీచ్ రోడ్డులో, దేశదేశాల డబ్బు కొని అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. అతనికి ఇవన్నీ అర్థమవుతాయని మరీ సంతోషం.

"ఏవండీ, ఇలా చూడండి," అంది భోజనాలబల్ల మీద కాగితం పరిచి. "నీలం గీత కెలాన్, అది నేను. ఎర్రది తొరువా, అది మీరు. పదేళ్ళ కింద ఎంత దూరంగా ఉన్నామో. ఏడాది ఏడాదికీ దగ్గరికొచ్చాం."

"మరి నేను చివర్లో బావిలో దూకేసానేంటి?"

"దూకలేదు. నీళ్ళు తీయలేదంతే." అడుగున తన చేతిరాత చూపించి, ఐసు కార్కానా కథంతా చెప్పింది. "ఒకటో తారీఖుకి మిమ్మల్ని పైకి లాగేస్తాను."

మురారి కాగితాన్ని చాలాసేపు చూశాడు. అతను తన పనిని అంత శ్రద్ధగా చూడటం తరళకి గొప్పగా అనిపించింది. "కాఫీ పెట్టవూ," అన్నాడు. ఆమె గాజులు గలగలలాడించుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, రెండు కప్పుల మీదా నురగ సమానంగా వచ్చేదాకా తిరగబోసి, అదొక విజయంలా పట్టుకొచ్చింది.

రెండు రోజులు పోయాక ఆ గీత ప్రపంచమంతా కనిపించింది.

నాయుడు గారు ప్రయోగశాల తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు, చేతిలో ఫోను. వార్తల్లో ఒకే బొమ్మ. తొరువా నేలమాళిగలో పన్నెండు టన్నులు మాయం, దాచిపెట్టిన గీత బయటపడింది. పొద్దున్నుంచి ఎవరి దగ్గరున్న తొరువా డబ్బు వాళ్ళు వదిలించుకుంటున్నారు.

"నీళ్ళు తీయని కాగితమమ్మా ఇది," అన్నారాయన. "అడుగున రాత కత్తిరించీసినారు. ఎవులు చేసినారో తెలీదు."

తరళ ఫోను అందుకుంది. బొమ్మ ఎడమ అంచున, నీలం గీత మొదలయ్యే చోట, చిన్న పసుపు మచ్చ. పసుపుతాడు సర్దుకున్న చేత్తో కాగితం పట్టుకున్న బొటనవేలి ముద్ర. కన్నవాళ్ళ ముఖాన్ని గుర్తుపట్టినట్టు దాన్ని గుర్తుపట్టింది.

నోరు తెరిచింది. "సర్" అంది. ఆయన ఆమె ముఖం చూసి, "నువ్వు బెంగెట్టుకోకు, నీళ్ళు తీసిన గీత చూపిస్తే ఊరుకుంటారు," అన్నారు. ఆ ఓదార్పు చెంపదెబ్బలా తగిలింది.

మురారి ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చాడు. తరళ ఫోనులో బొమ్మని పెద్దది చేసి, పూలపొట్లం పక్కన పెట్టింది.

"ఇది నా వేలు."

అతను చూశాడు. బుకాయిస్తాడని ఆమె ఆశపడింది. బుకాయిస్తే నమ్మేయడానికి సిద్ధంగా కూడా ఉంది.

"వారం రోజుల్లో అందరూ మర్చిపోతారు," అన్నాడు. "మధురవాడలో ఫ్లాట్‌కి అడ్వాన్సు కట్టేసాను. నీకు చెబుదామనే. బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది."

"నీళ్ళు తీయలేదని రాశాను కదా. ఎందుకు కత్తిరించావు?" ఎప్పుడు మీరులోంచి నువ్వులోకి దిగిందో ఆమెకే తెలియలేదు.

"అది ఉంటే ఎవరు కొంటారు తరళా?"

"అబద్ధమని తెలిసే ఇచ్చావు."

"గీత నిజమా కాదా అని మా బజారు అడగదు. పక్కవాడు నమ్ముతాడా లేదా, అంతే. అయినా చూపించింది నువ్వే కదా." తర్వాత గొంతు తగ్గించి, ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఇంకెప్పుడూ చేయను. నీ మీద ఒట్టు. నాయుడు గారికి చెప్పకు. నీ ఉద్యోగం పోతుంది, నా ఉద్యోగం పోతుంది. పెళ్ళయి నెల కాలేదు."

చెప్పలేదు. అదే ఆమె చేసిన రెండో తప్పు. ఒకటో తేదీన నీళ్ళు తీసిన గీత వచ్చింది, ముప్పై ఒకటి చెక్కుచెదరలేదని. ఎవరూ నమ్మలేదు. దొంగచాటుగా వచ్చిందే నిజమని, దొరబాబులా ప్రకటించింది ముస్తాబని లోకం తేల్చేసింది. కెలాన్ ఒకే నాణెం మాట వెనక్కి తీసుకుంది. తొరువా డబ్బు పడిపోతుంటే, దాన్ని నిలబెట్టడానికి తొరువా బ్యాంకు నిజంగానే నేలమాళిగ తలుపులు తెరిచి బంగారం అమ్మడం మొదలుపెట్టింది.

తరళ తెర ముందు కూర్చుని అది చూసింది. పెట్టె బయటికి వెళ్ళినప్పుడల్లా అంకె చిన్నగా తగ్గేది. ఇది నీరు కాదు. ముడులు పన్నెండు దగ్గరే ఉన్నాయి. ముప్పై. ఇరవై ఏడు. ఇరవై రెండు. రెండు వారాలకి పదిహేడు. తను నవ్వుకున్న అబద్ధపు పంతొమ్మిదిని నిజం దాటేసి కిందికి పోయింది.

ఆదెమ్మ ఫోనులో పెళ్ళి కబుర్లు మానేసింది.

"పన్నెండు ముడులు," అంది ఆ సోమవారం. తర్వాత, "అమ్మీ, మీ మిసను సెప్పినట్టు మా బంగారం నిజంగా ఎవులైనా ఎత్తుకుపోనారా?"

"లేదమ్మా. అప్పుడు అంతా ఉంది."

"మరి మీ ఆపీసు కాయితమంట గదా అది. ఈ నూతికి పదిహేనేళ్ళనుండి తాడేస్తన్నాను. నా ముడులు తప్పు కావు. నువ్వు తీసీవలిసిన నీళ్ళు ఎందుకు తీయనేదు?"

తరళ పెన్నుతో పన్నెండు మీద మళ్ళీ పన్నెండు దిద్దింది.

"సూదిమందు ఓడ రేవులో లంగరేసి ఉంది. ఓడోడు సరుకు దింపడు. మీ డబ్బు నాకొద్దు, డాలర్లు తెండి అంటన్నాడు. ముసిలోడికి ఒక్క బుడ్డీ ఉంది. పూటకి సగమే ఎక్కిస్తన్నాను. ఆడికి తెలీదు. నీళ్ళు కలిపి సూది నింపి సూపిస్తన్నాను. నలభయ్యేళ్ళలో ఆడికి నేనాడిన మొదటబద్దం."

ఫోను పెట్టేశాక తరళ ప్రయోగశాల మెట్ల మీద కూర్చుంది. ఎదురుగా ఎండలో సముద్రం తళతళలాడుతోంది. నెల కింద అయితే ఆ మెరుపుకే మురిసిపోయేది.

తర్వాతి వారం తొరువాలో తుఫాను వాన కురిసింది. వారం రోజులు ఆగకుండా. ఐసు కార్కానా మునిగి బోర్లు ఆగిపోయాయి. ఆదెమ్మ చెప్పిన ముడులు తొమ్మిదయ్యాయి, ఏడయ్యాయి. నీళ్ళు తీయని గీత, పదిహేడులో పన్నెండు పోను ఐదు టన్నుల దగ్గర పాతాళంలో పడి ఉన్నది, రాకెట్‌లా లేచి ఇరవై అయిదు దగ్గర నిలబడింది. నిజానికి నేలమాళిగలో పదిహేడే ఉంది. పైకి లేచిందంతా వాననీరు.

తరళ తెర మీద ఆ ఇరవై అయిదుని వేలితో ఒకసారి కప్పి చూసింది. తర్వాత అచ్చుతీసింది. అడుగున తన చేత్తో, ఎప్పటికంటే పెద్ద అక్షరాలతో "నీళ్ళు తీయలేదు" అని రాసి, "త" అని పెట్టింది. ఎందుకు రాస్తున్నదో, ఎవరు కత్తిరిస్తారని రాస్తున్నదో తనకి బాగా తెలుసు. కాబట్టి ఇది నిజం కాదు, చేతిరాత ఉన్నంత మాత్రాన నిజం అయిపోదు. ఆ మాట తనకి తను చెప్పుకునే కాగితం మడిచింది.

ఇంట్లో భోజనాలబల్ల మీద పరిచింది. మురారి చొక్కా చేతులు మడుచుకుంటూ వచ్చి చూశాడు.

"ఎర్రగీత లేచిందే."

"వాన పడింది. అది నీళ్ళే. రాశాను చూడు."

"చూశాను," అన్నాడు.

తరళ అతని కళ్ళలోకి చూసింది. ఒట్టు పెట్టిన చెయ్యి కుర్చీ మీద ఉంది. చూపు మాత్రం కాగితం మీదనుంచి రావడం లేదు. ఈ ఒక్కసారికి అతను మారిపోతే బాగుండునని ఆమె ఎంత గట్టిగా కోరుకుందో, మారకపోతే బాగుండునని కూడా అంతే కోరుకుంది. మారితే తనకి మొగుడు మిగులుతాడు. మారకపోతే ఆదెమ్మకి మొగుడు మిగులుతాడు.

"కాఫీ పెట్టవూ," అన్నాడు మురారి.

వంటింట్లో పాలు కాగుతుంటే ఆమె చెవులు వెనక్కే ఉన్నాయి. ఫోను కెమెరా మోగలేదు, శబ్దం తీసేసుకున్నాడు. కానీ బల్ల మీద కాగితాన్ని సరిగా జరిపిన చప్పుడు వినిపించింది. పాలు పొంగి స్టవ్వు మీద పడ్డాయి. తుడవలేదు.

మర్నాటి మధ్యాహ్నానికి వార్త వచ్చింది. ఏదో పెద్ద దేశం గుట్టుగా తొరువాకి బంగారం పంపిందని, నేలమాళిగ నిండుతోందని. బొమ్మ అడుగుభాగం కత్తిరించి ఉంది. అమ్ముకున్నవాళ్ళే ఎగబడి తొరువా డబ్బు కొన్నారు. తొరువా బ్యాంకు ఆ కొనేవాళ్ళకి తమ డబ్బిచ్చి డాలర్లు తీసుకుంది. ఆ డాలర్లతో మొదట రేవులో ఓడని దింపించింది, మిగిలినదానితో కాస్త బంగారం కొంది.

సోమవారం ఆదెమ్మ గొంతులో పాత జీవం వచ్చింది. "ఏడు ముడులు రాసుకో. నిండు బుడ్డీలిచ్చినారమ్మీ. రెండు నెలలకి సరిపడా. ముసిలోడు కాఫీ అడుగుతున్నాడు. ఎడంకాలి వేళ్ళు రెండు తీసీవలసొచ్చింది, పోనీలే, మనిషున్నాడు."

"అమ్మా," అంది తరళ. "మొదట ఆ కాగితం బయటికి పోయింది మా ఇంట్లోంచి."

అవతల తాడు నూతి గట్టుకి రాసుకుంటున్న చప్పుడు.

"మీ ఆయన సామనసాయ అని మాత్రమే సెప్పినావు," అంది ఆదెమ్మ చివరికి. "ఏడు ముడులు. రాసుకున్నావా?"

"రాసుకున్నాను."

ఫోను పెట్టేసింది. అమ్మీ అనలేదు.

ఒకటో తేదీ ముందురోజు తరళ ఏడు ముడుల లెక్కన పెరిగిన నీటిని తీసేసింది. పదిహేడు వస్తుందనుకున్న చోట ఇరవై ఒకటి వచ్చింది. మళ్ళీ లెక్క చూసుకుంది. అంతే. కొత్తగా కొన్న నాలుగు టన్నులు. అబద్ధం రెండోసారి కూడా కొంత నిజం చేసి పెట్టింది. ఈసారి పైకి.

ఆ గీతా, వేలిముద్ర పడిన పాత కాగితమూ, రెండో కాగితమూ తీసుకెళ్ళి నాయుడు గారి బల్ల మీద పెట్టి, మొదటినుంచీ చెప్పింది. మొదటిసారి బుద్ధిలేక, రెండోసారి బుద్ధి ఉండీ. ఆయన కాగితాలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకున్నారు. అంతా అయ్యాక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"రెండోది పనిచేసినాది కాబట్టి ఒప్పు అనుకుంటన్నావా?"

"లేదు సర్."

"ఆ ముసలోడికి వేళ్ళు పోనాయి. అలాగ ఎంతమందికి ఏటేటి పోనాయో మన తూనిక తూచలేదు." ఆయన ఒక తెల్ల కాగితం ముందుకి లాక్కున్నారు. "రెండు దేశాలకీ ఉత్తరం నేనే రాయాలి. పేర్లు రాయాలి. నీదీ, ఆడిదీ."

"రాయండి."

"హంస అన్నాను నిన్ను," అన్నారాయన. కోపంగా కాదు. దాచుకున్న వస్తువు ఎక్కడ పెట్టామో మర్చిపోయినవాడిలా.

తరళ గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి బయటికి వచ్చేసింది.

ఇంటికి వెళ్ళేసరికి మురారి ఇంకా రాలేదు. స్నానాలగదిలో గ్లాసులో రెండు బ్రష్‌లూ ఎప్పటిలాగే వాలి ఉన్నాయి. తనది తీసి తడి విదిల్చింది. పెట్టె సర్దుకోవడానికి అరగంట కూడా పట్టలేదు. నెలన్నర కాపురం, సామాన్లు ఇంకా సగం విప్పనేలేదు.

భోజనాలబల్ల మీద వార్తల్లో వచ్చిన బొమ్మ అచ్చుతీసిన కాగితం పెట్టింది. అడుగు కత్తిరించినది, పసుపు వేలిముద్ర ఉన్నది. నీలం గీత తను, ఎర్రగీత అతను, పదేళ్ళుగా దగ్గరికి వస్తూ. పెన్ను తీసుకుని, అతను కత్తిరించేసిన చోటికి సరిగ్గా కింద రాసింది.

నీళ్ళు తీసేశాను. త.